నల్ల ఇసుక

తెల్లవారకముందే త్బిలిసీ దాటాలనుకున్నాం.
బయల్దేరేసరికి తొమ్మిదిన్నర.
తోర్నికె ఎడమకాలి చెప్పు దొరకలేదు,
అది దొరికాక కుడిది దొరకలేదు,
రెండూ దొరికాక అసలు చెప్పులే వద్దన్నాడు.

పాత ఓపెల్ కారు వెనక సీట్లో
ఒక పుచ్చకాయ, రెండు దుప్పట్లు, గాలి తీసిన ప్లాస్టిక్ మొసలి,
వాటి సందుల్లో కుక్కినట్టు ఇద్దరు పిల్లలు.
మా అత్త త్సిత్సినో కట్టిచ్చిన ఉడికించిన గుడ్లు
అప్పుడే వాసన మొదలుపెట్టాయి.
"సముద్రం వచ్చేసిందా?" అంది లిలే.
ఇంకా మా వీధి చివర పెట్రోలు బంకు దాటలేదు.

సురామీ దగ్గర రోడ్డు పక్కన ఆడవాళ్లు
నాజుకీ రొట్టెలు పట్టుకుని ఊపుతుంటారు,
రైలుకి జెండా ఊపినట్టు.
ఇక్కడ ఆగనివాడు మనిషే కాడంటాడు వాజా.
ఆగాం.
దాల్చినచెక్క, ఎండుద్రాక్ష, పొయ్యి సెగ.
ఒక్కటి నలుగురికి సరిపోతుందనుకున్నాను.
నాకు దక్కింది కాగితానికి అంటుకున్న ఒక ద్రాక్ష.

ఆ రొట్టెని మళ్లీ చూసింది
రికోతి కనుమ మూడో మలుపులో,
తోర్నికె నోట్లోంచి నా ఒళ్లోకి వచ్చినప్పుడు.
పెళ్లికి ముందు ఇదే కనుమలో
వాజా మోటారు సైకిల్ వెనక కూర్చుని
ఇంకో నాలుగు మలుపులుంటే ఏం పోయిందనుకున్నదాన్ని,
ఇవాళ ఒక్కొక్కదాన్నీ పేరుపెట్టి తిట్టాను.
వాజా కారాపి, నీళ్ల సీసా నా చేతికిచ్చి,
కొండవైపు తిరిగి నించున్నాడు.
నవ్వుతున్నాడని భుజాలు చెప్పవూ?

ఉరేకీ చేరేసరికి పొద్దు వాలుతోంది.
లిలే పరుగున వెళ్లి, గట్టు మీద ఆగిపోయింది.
దాని బొమ్మల పుస్తకంలో ఇసుక పసుప్పచ్చ.
ఇక్కడ బొగ్గు నూరి పరిచినట్టుంది.
"ఇది పాడైపోయింది. వేరేది చూపించు,"
అంగట్లో మచ్చలున్న ఆపిల్ వెనక్కిచ్చినంత ఖరాఖండీగా అని
ఏడుపు ఎత్తుకుంది.

మొక్కజొన్న కండెలమ్మే ముసలాయన ఆగి
జేబులోంచి అయస్కాంతం తీసి
ఇసుకలో ముంచి పైకెత్తాడు.
దానికి గడ్డం మొలిచింది.
లిలే ఏడుపు సగంలో నిలిచిపోయింది,
మిగతా సగం మాకు ఇంకా బాకీ.
అయస్కాంతం అమ్ముతావా అంటే
ఎనిమిది కండెల ధర చెప్పాడు.
ఇచ్చాం. ఇవ్వక?

ఉన్నది నాలుగు రోజులు, అందులో మూడు రోజులు వాన.
అద్దె గదిలో నలుగురికీ ఒకే మంచం.
పుచ్చకాయ తిని గింజలు లెక్కపెట్టాం,
నూట నలభై ఆరు.
మళ్లీ లెక్కపెడితే నూట ముప్పై తొమ్మిది.
తేడా తోర్నికె కడుపులో.

దీపం తీశాక, హోరు వింటూ వాడే అడిగాడు:
"అమ్మా, రాత్రి దీన్ని ఎవరూ ఆపెయ్యరా?"
"ఆపరు."
"మరి దానికి నిద్ర రాదూ?"
"నాకొస్తోంది," అన్నాడు వాజా, గోడవైపు నుంచి.

నాలుగో రోజు ఎండ కాసింది,
సరిగ్గా సామాను సర్దుతుంటే.
ఊది ఊది వాజాకి కళ్లు తిరిగాక
మొసలి పది నిమిషాలు తేలింది.
ఆ పది నిమిషాలూ నేను ఒడ్డున తలలు లెక్కపెట్టాను:
ఒకటి, రెండు, మొసలి. ఒకటి, రెండు, మొసలి.
సముద్రం ఏ రంగులో ఉందో చూడనేలేదు.

ఇప్పుడు నవంబరు. కారు అమ్మేస్తున్నాం.
కొనేవాడు రేపొస్తాడు.
లిలే సీటు మడతల్లో అయస్కాంతం తిప్పుతోంది,
మొలిచిన గడ్డం ప్రతిసారీ అగ్గిపెట్టెలోకి దులుపుతోంది.
"కారు వాళ్లది, ఇసుక మనది," అని
తోర్నికె పక్కనే కాపలా.

పిల్లలు పడుకున్నాక
కోటు వేసుకుని కిందికి దిగాను.
వాడు కూర్చున్న చోట, బెల్టు సందులో,
నేనూ ఒకసారి తిప్పి చూశాను.
అయస్కాంతం నున్నగా పైకొచ్చింది.
ఒక్క రేణువు మిగల్లేదు.

గుడ్ల వాసన మాత్రం అలాగే ఉంది.
అది దేనికీ అంటుకోదు,
కొనేవాడికే.